రెండు వైర్లు, ఒక మంకీ క్యాపు

వేలెడు పొడవు లేని మాస్కింగ్ టేపు ముక్కలు రెండు పీకి పారేసి, ఆ పుణ్యాన పిల్లనిచ్చిన మామగారిని మూడు వారాలు మంకీ క్యాపుతో పడుకోబెట్టిన ఘనుణ్ణి నేను. అంతటితో ఆగి ఉంటే మీకు చెప్పుకునేవాణ్ణి కాదు. చలికి వణుకుతున్న ఆ పెద్దమనిషి చేత, తప్పు గదిది కాదు తన ఒంటిదేనని ఒప్పించాను కూడా. అదెలాగో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. ఈ సంగతిలో మొహమాటపడాల్సినంతా మేమిద్దరం ముందే పడిపోయాం.

మేం ఈ పరాయి దేశంలో, బాతెల్ అనే చలి ఊళ్ళో ఇల్లు కొనుక్కున్న మొదటి చలికాలం అది. పాత ఇల్లు. కట్టించుకున్న ముసలాయన ఎవరో గాని మంచి పనివాడు. నేల కింద సన్నటి పైపులు పరిపించి, వాటిలో వేడినీళ్ళు తిరిగే ఏర్పాటు చేయించాడు. గోడల్లోంచి వేడిగాలి బుస్సుమని కొట్టడం ఉండదు, పాదం కింద నేలే వెచ్చగా ఉంటుంది. గరాజ్‌లో బాయిలర్, దాని పక్కన గోడకి ఒక పెట్టె. ఒక్కో గదిలో ఒక్కో థర్మోస్టాట్. గది చల్లబడితే థర్మోస్టాట్ వైరు ద్వారా పెట్టెకి కబురు పెడుతుంది, పెట్టె ఆ గదికి వెళ్ళే పైపు వాల్వ్ తెరుస్తుంది. అంతే. ఎనిమిదో క్లాసు పిల్లలకి ఒక్క పీరియడ్‌లో అర్థమయ్యే విషయం. నాకు మాత్రం మూడు వారాలు పట్టింది.

ఆ డిసెంబర్‌లో మా అత్తగారూ మామగారూ చీరాల నుంచి మొదటిసారి వస్తున్నారు. ఆర్నెల్లు ఉంటారు. మా ఆవిడ హేమ నెల ముందు నుంచే గెస్ట్ రూమ్ సర్దుతోంది. కర్టెన్లు రెండుసార్లు మార్చింది. ఏప్రిల్‌లో నాన్నకి ట్యూలిప్ తోటలు చూపించాలని కాలెండర్‌లో రాసుకుంది. అంత ఉత్సాహం చూసి నాకూ ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. అక్కడే మొదలైంది దరిద్రం.

గోడల మీద ఉన్నవి గుండ్రంగా తిప్పే పాతకాలం థర్మోస్టాట్లు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఇంట్లో ఇవా? మామగారు చూస్తే ఏమనుకుంటారు? ఫోన్‌లోంచి నడిపే కొత్తవి తెప్పించాను.

"మనిషిని పిలుద్దాం" అంది హేమ.

"రెండు వైర్లు పీకి రెండు వైర్లు పెట్టేదానికి మనిషెందుకు హేమా? నేను ఆఫీస్‌లో రోజూ చేసే పని ఇంతకన్న కష్టం."

"ఆఫీస్‌లో నువ్వేదన్నా తప్పు చేస్తే వెనక్కి తీసుకోవచ్చు. ఇది ఇల్లు."

ఆ మాట అప్పుడే విని ఉంటే మీకు ఈ నవ్వు దక్కేది కాదు.

గోడల మీద పని నిజంగానే సులువుగా అయిపోయింది. అక్కడితో చేతులు కడుక్కోవాలి కదా. కడుక్కోలేదు. గరాజ్‌లో పెట్టె మూత తీసి చూశాను. లోపల వైర్లన్నీ చిక్కుపడిన జుట్టులా ఉన్నాయి. చూస్తూ ఎట్లా ఊరుకుంటాం? ముఖ్యంగా రెండు తెల్ల వైర్లు, ఒకటి ఇంట్లోనే నేను పనిచేసుకునే నా ఆఫీస్ గదిది, ఇంకొకటి గెస్ట్ రూమ్‌ది. వాటికి ముసలాయన మాస్కింగ్ టేపు చుట్టి పెన్సిల్‌తో ఏవో పేర్లు రాసుకున్నాడు. టేపు పచ్చబడి, జిగురు కారి అసహ్యంగా ఉంది. ముందు జాగ్రత్తగా ఫోన్‌లో ఒక ఫోటో తీశాను. తర్వాత వైర్లన్నీ ఊడదీసి, టేపులు పీకి, తుడిచి, వరసగా దువ్వి, ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టి ముస్తాబు చేశాను. మళ్ళీ తగిలిద్దామని ఫోటో తెరిచి చూస్తే అందులో సగం నా బొటనవేలు, మిగతా సగం ఫ్లాష్ వెలుగు.

అయినా ఏది ఎక్కడిదో గుర్తుంది కదా అనుకున్నాను. గుర్తుందన్న నమ్మకం మాత్రమే గుర్తుంది, ఏది ఎక్కడిదో గుర్తులేదు. రంగు వైర్లు రంగుని బట్టి కుదిరాయి, రెండు తెల్లవీ తోచినట్టు తగిలించాను. ఆఫీస్ గది థర్మోస్టాట్ పెంచాను, పెట్టెలో టక్‌మని ఒక పచ్చలైటు వెలిగింది. గెస్ట్ రూమ్‌ది పెంచాను, టక్‌మని ఇంకో పచ్చలైటు. రెండూ పాస్. ఏ లైటుకి ఏ గది నేల వేడెక్కుతోందో చూడాలంటే పూటంతా ఆగాలి, ఆ నేల అంత నిదానంగా కాగుతుంది. అంత ఓపిక ఉన్నవాడు సాఫ్ట్‌వేర్‌లోకి ఎందుకొస్తాడు?

అత్తగారూ మామగారూ వచ్చారు. మా మామగారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఇంటింటికీ వెళ్ళి మీటర్లు తనిఖీ చెయ్యడం ఆయన ఉద్యోగం. మాకు పెళ్ళై మూడేళ్ళయినా నన్ను ‘అల్లుడుగారూ’ అనీ ‘మీరు’ అనీ తప్ప పిలవలేదు. నేను హాల్లోకి వస్తే ఆయన లేచి నిలబడేవారు. ఆయన నిలబడ్డారని నేనూ నిలబడేవాణ్ణి. ‘కూర్చోండి’, ‘ముందు మీరు కూర్చోండి’ అనుకుంటూ ఇద్దరం అట్లాగే నిలబడి ఉంటే, హేమ వచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి పోయేది. అల్లుడింట్లో మంచినీళ్ళు కావాలన్నా కూతురి చెవిలో చెప్పే మనిషి, గది చలిగా ఉందని అల్లుడితో అంటాడా? మీరే చెప్పండి.

మొదటి రోజు పొద్దున్నే అడిగాను. "మామయ్యగారూ, గది ఎట్లుంది?"

"దివ్యంగా ఉందండీ."

"నేల వెచ్చగుందా?"

"అబ్బో, చాలా బాగుందండీ. ఇట్టాంటి ఏర్పాటు నేనెక్కడా చూళ్ళేదు."

అత్తగారు ఏదో అనబోయారు. మామగారు ఆవిడ వైపు ఒక్కసారి చూశారు. ఆవిడ కాఫీ గ్లాసు వైపు చూసుకున్నారు. నేను గర్వంతో నా ఆఫీస్ గదిలోకి పోయాను.

పోయి చెమటతో బయటికొచ్చాను. నా గది కుంపటిలా ఉంది. ఇక్కడి డిగ్రీలు మన డిగ్రీలు కావు, డెబ్బై అంటే హాయి, అరవై అంటే వణుకు. నా థర్మోస్టాట్ అరవైకి దించాను. మర్నాటికి ఇంకా వేడి. యాభై ఐదుకి దించాను. ఇంకా వేడి. మీటింగుల్లో పైకి కనబడే భాగానికి షర్టు, కింద లుంగీ, చేతిలో అట్టముక్క. బయట మంచు పడుతుంటే నేను విసురుకుంటున్నాను.

ఫోన్ తీసి చూస్తే, నా గదికి యాభై ఐదు పెడితే ఎనభై నాలుగు చూపిస్తోంది. గెస్ట్ రూమ్‌కి ఎవరో ఎనభై పెట్టారు, అక్కడేమో అరవై ఒకటి చూపిస్తోంది.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆయన చలికి పెంచినకొద్దీ నా గది కాగుతోంది, నేను ఉక్కకి దించినకొద్దీ ఆయన గది గడ్డకడుతోంది. నాకు మాత్రం అర్థం కాలేదు, ఎందుకంటే వైర్లు పెట్టింది నేను. నేను పెట్టినవి తప్పు కావడానికి వీల్లేదు. అందుకని మిగతా ప్రపంచాన్నంతా అనుమానించాను. బ్యాటరీలు మార్చాను. అంతా ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాను. మందమైన తివాచీ ఉంటే నేల వేడి పైకి రాదని ఇంటర్నెట్‌లో ఎవరో రాస్తే, గెస్ట్ రూమ్‌లో తివాచీ చుట్టి గరాజ్‌లో పడేశాను. పాపం వాళ్ళకి మిగిలిన ఆ కాస్త ఆధారమూ పోయింది.

"ఇప్పుడు ఎట్లుంది మామయ్యగారూ?"

"ఇంకా బాగుందండీ" అన్నారాయన, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని.

ఇక్కడ నా బుర్ర చేసిన లెక్క వినండి. థర్మోస్టాట్ చూస్తే అరవై ఒకటి అంటోంది. మామగారు చూస్తే బాగుందంటున్నారు. మామగారు అబద్ధమాడే మనిషి కాదు. కాబట్టి అబద్ధమాడుతున్నది థర్మోస్టాటే. అందులో ఒక సదుపాయం ఉంది. కొలత తప్పనిపిస్తే మనమే సరిదిద్దుకోవచ్చు. ఫోన్‌లోంచే పది డిగ్రీలు కలిపాను. అరవై ఒకటి కాస్తా డెబ్బై ఒకటైంది. సమస్య పరిష్కారమైపోయిందని ఆ రోజు నాకు నేనే ఐస్‌క్రీమ్ పెట్టుకుని తిన్నాను. నా గదిలో అది రెండు నిమిషాల్లో కరిగిపోయింది.

నాలుగు రోజుల తర్వాత హేమ నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. వాళ్ళ అమ్మానాన్నల ముందు నన్ను ‘మీరు’ అంటుంది, తలుపు వేశాక ‘నువ్వు’. ఆ రోజు ఆ రెండూ అనకుండా నేరుగా విషయంలోకి వచ్చింది.

"నాన్న టికెట్ ముందుకి జరపమంటున్నారు. సంక్రాంతిలోపే వెళ్ళిపోతారంట."

"ఎందుకు? ఏమైంది?"

"ఒంట్లో బాగాలేదంట. వణుకొస్తోందంట. రెండు స్వెటర్లు, మంకీ క్యాపు పెట్టుకుని పడుకుంటున్నారంట, అమ్మ చెప్పింది. గది చలిగా ఉందేమో అన్నాను. ‘మీటరు డెబ్బై ఒకటి చూపిస్తంది కదమ్మా, మీటరు తప్పు చెప్పదు, నా ఒళ్లే పాడైంది’ అంటున్నారు."

"జ్వరం చూసినవా?"

"చూశాను. ఏం లేదు. ఏ జబ్బూ లేకుండా వణుకుతున్నానంటే ఈ దేశం నాకు పడట్లేదమ్మా అన్నారు." హేమ కళ్ళు తుడుచుకుంది. "ఆర్నెల్లు ఉంటారనుకున్నాను. నెల కూడా కాలేదు. మన ఇల్లే నచ్చలేదేమో, అది చెప్పలేక ఇట్లా అంటున్నారేమో."

నిజంగానే బాధపడ్డాను. బాధపడ్డానేగాని, ఆ డెబ్బై ఒకటిలో పది నావని అప్పుడు కూడా నోరు తెరిచి చెప్పలేదు. థర్మోస్టాటే తప్పని ఇంకా నమ్ముతున్నాను మరి. డాక్టర్‌కి చూపిద్దామన్నాను. అంత తెలివి.

ఇంతలో మా అత్తగారు దోసెల పిండి రుబ్బారు. నేల వెచ్చగా ఉంటుందని నేను గొప్పగా చెప్పాను కదా, మీటరూ డెబ్బై ఒకటే అంటోంది, ఆవిడ నమ్మి గిన్నె తీసుకెళ్ళి వాళ్ళ గదిలో మంచం పక్కన నేల మీద పెట్టుకున్నారు. రెండు రోజులైనా పిండిలో చలనం లేదు. మూత తీసి చూడడం, మూత పెట్టడం. మూడో రోజు ఆవిడ చెప్పులు విడిచి, ఒట్టి పాదాలతో ఇల్లంతా తిరిగారు. హాలు, వంటిల్లు, వసారా. చివరికి నేను అన్నానికి లేచినప్పుడు నా గదిలో అడుగుపెట్టారట. పెట్టి, అక్కడే ఆగిపోయారట. నాకు చెబితే ఎక్కడ ఇబ్బంది పడతానోనని, చప్పుడు చెయ్యకుండా గిన్నె తెచ్చి నా బల్ల కింద మూలగా పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నాకు పెద్ద మీటింగ్. మేనేజర్‌తో పాటు పైవాళ్ళు కూడా ఉన్నారు. మాట్లాడుతూ ఉత్సాహంగా కాలు చాపాను. పాదం ఏదో మెత్తటి, వెచ్చటి, కదులుతున్న పదార్థంలో దిగబడింది. వంగి చూస్తే గిన్నె మూత పక్కకి ఒరిగిపోయి ఉంది, గిన్నె దాటిన తెల్లటి నురగ నేలంతా పాకుతోంది, నా పాదం దిగింది అందులోనే. నేను పెట్టిన కేక పైవాళ్ళందరూ విన్నారు. ఏమైందని మేనేజర్ అడిగింది. ఏమీ లేదు, అంతా బాగుంది అన్నాను. మా ఇంట్లో అందరికీ వచ్చిన మాట అదొక్కటే.

నా కేక విని అత్తగారు పరిగెత్తుకొచ్చారు. నేను మైక్ ఆపి, ఒంటికాలి మీద నిలబడ్డాను.

"అయ్యయ్యో బాబూ, తొక్కారా! తప్పు నాదే. మా గదిలో రెండ్రోజులుంచినా పులవలేదు. ఇక్కడ అయిదు గంటల్లో పొంగి పోయింది చూడండి." ఆవిడ గుడ్డతో తుడుస్తూ అడిగారు. "మీ గదిలో ఎంత పెట్టారు బాబూ?"

"యాభై ఐదు అత్తయ్యగారూ."

"మా గదిలో?"

"ఎనభై ఉంది."

ఆవిడ నేల తుడవడం ఆపి, పిండి వైపు చూసి, నా వైపు చూశారు. "మరి పిండికి ఆ సంగతి తెలిసినట్టు లేదు బాబూ."

అప్పటికి వెలిగింది నాకు లైటు, పచ్చది కాదు, అసలుది. రెండు తెల్ల వైర్లు కళ్ళ ముందు పాముల్లా ఆడాయి. మూడు వారాల నా చదువూ, నా ఫోనూ, నా ఇంటర్నెట్టూ చెప్పలేని సంగతి ఒక గిన్నెడు పిండి చెప్పింది.

ఒప్పుకున్నానా? లేదు. పరువు ఉంది కదా. మర్నాడు పొద్దున్నే మామగారు వాకింగ్‌కి వెళ్ళగానే గరాజ్‌లోకి దూరి, రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు చేసి, చేతులు దులుపుకుని వచ్చేశాను. తెల్లారేసరికి ఆయన గది వెచ్చబడుతుంది, వణుకు పోతుంది, టికెట్ ఆగిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

తెల్లారింది. నా గది అదే కుంపటి. మామగారు టిఫిన్‌కి మంకీ క్యాపుతోనే వచ్చారు. చిత్రంగా ఆయన మొహంలో కూడా ఏదో గాబరా ఉంది. నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. హేమ ఫోన్‌లో టికెట్ల వెబ్‌సైట్ తెరిచి కూర్చుంది. "ఇవాళ మార్చేస్తే సీట్లున్నాయంట నాన్నా" అంది, చాలా మామూలుగా చెప్పడానికి ప్రయత్నిస్తూ. నాకు దోవ తోచలేదు. మామగారు వాకింగ్‌కని లేచి వెళ్ళాక, మీటింగ్ ఉందని చెప్పి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని గరాజ్ తలుపు తీశాను.

లోపల పెట్టె ముందు మంకీ క్యాపు ఒకటి నిలబడి ఉంది.

నన్ను చూసి మామగారు చెయ్యి వెనక్కి దాచారు. నేను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను.

"వాకింగ్‌కి పోలేదా మామయ్యగారూ?"

"వెళ్దామనే వచ్చానండీ. మీకు మీటింగ్ లేదా అల్లుడుగారూ?"

"ఉందండీ. పోదామనే."

గరాజ్‌లో వాకింగూ లేదు, మీటింగూ లేదు. ఇద్దరం కాసేపు బాయిలర్ వైపు చూశాం.

"మీ చేతిలో ఏంటిది మామయ్యగారూ?"

"ఏం లేదండీ, చిన్న స్క్రూడ్రైవరు. మీ జేబులో?"

"అదేనండీ."

ఇక దాచి లాభం లేదని నేనే మొదలుపెట్టాను. "మామయ్యగారూ, ఏమనుకోకండి. వైర్లు అటువిటు పెట్టింది నేనే. నిన్న పొద్దున మీరు బయటికి పోయినప్పుడు సరిచేసిన. మరి ఎందుకు పనిచేయట్లేదో తెలుస్తలేదు."

మామగారు నన్ను చూసి, పెట్టెని చూసి, నెమ్మదిగా అక్కడున్న తివాచీ చుట్ట మీద కూర్చున్నారు. అల్లుడి ముందు తనంతట తాను కూర్చోవడం అదే మొదటిసారి.

"నిన్న పొద్దున మార్చారా?"

"అవును."

"మొన్న మీ అత్తయ్యగారు పిండి గురించి చెప్పినప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నానండీ. అప్పుడే అనుకున్నా, వైర్లు తారుమారయ్యాయని. మీతో అంటే చిన్నబుచ్చుకుంటారని..." ఆయన గొంతు సవరించుకున్నారు. "నిన్న మధ్యాహ్నం మీరు మీటింగ్‌లో ఉన్నప్పుడు వచ్చి, నేనూ మార్చాను."

నేను సరిచేసినదాన్ని ఆయన మళ్ళీ పాడుచేశారు. నా పరువు కోసం నేను, నా పరువు కోసమే ఆయన, ఇద్దరం కలిసి ఆయన్ని ఇంకో రోజు వణికించాం, నన్ను ఇంకో రోజు ఉడికించాం. ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు. నవ్వుతుంటే ఆయన మంకీ క్యాపు పక్కకి తిరిగిపోయి ఒక కన్ను మూసుకుపోయింది, అది చూసి నేను ఇంకా నవ్వాను.

మూడోసారి వైర్లు ఇద్దరం కలిసి మార్చాం. నేను లైటు చూస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని పైపు మీద పెట్టించారు. "లైటుని నమ్మబాకండి. పైపు వేడెక్కిందా లేదా, అదీ చూడాల." కాసేపటికి గెస్ట్ రూమ్‌కి వెళ్ళే పైపు వెచ్చబడింది. ఇంత చిన్న పరీక్ష మొదటి రోజు చేసి ఉంటే!

అంతా సుఖాంతమనుకుంటుండగా ఆయన ఆలోచనలో పడ్డారు. "ఒకటి మాత్రం తేల్లేదండీ. గది చల్లగానే ఉందనుకోండి. మరి మీటరు డెబ్బై ఒకటి ఎట్టా చూపించింది? గదిలో వెచ్చగానే ఉందన్నమాట, నా ఒళ్ళు మాత్రం వణుకుతానే ఉంది. కాబట్టి టికెట్ సంగతి..."

ఊరుకుంటే నా తప్పు ఎప్పటికీ బయటపడదు. ఊరుకుంటే ఆయన లేని జబ్బు ఒకటి మోసుకుని సంక్రాంతికి చీరాలలో దిగుతారు. హేమ కాలెండర్‌లో ట్యూలిప్ తోటలు అట్లాగే ఉండిపోతాయి. కళ్ళు మూసుకుని చెప్పేశాను.

"ఆ పది డిగ్రీలు నేనే కలిపిన మామయ్యగారూ. మీరు బాగుందంటున్నరు, అది చల్లగుందంటోంది. అదే తప్పనుకుని..."

ఆయన లేచి నిలబడ్డారు. ఈసారి మర్యాదకి కాదు.

"మీటరు దిద్దావా!"

మూడేళ్ళలో మొదటి ‘నువ్వు’ అది.

"మీటరు దిద్దినోళ్ళ ఇళ్ళకెళ్ళి ఫ్యూజులు పీకి వచ్చానయ్యా నేను! కేసులు రాశాను! ఆఖరికి నా ఇంట్లోనే, నా అల్లుడే... మనిషి మొహమాటానికి బాగుందంటాడయ్యా, దాన్ని చూసి మీటరు దిద్దుకుంటారా ఎవరన్నా?"

ఆ తిట్లు అట్లా సాగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తిట్టి తిట్టి ఒకచోట ఆగి, ఆయనకే ఏదో తట్టింది. "అంటే నా ఒళ్ళు బాగానే ఉందన్నమాట" అన్నారు. మంకీ క్యాపు తీసి నా చేతిలో పెట్టి, ఇంట్లోకి నడిచి, "అమ్మా హేమా, ఆ ఫోను మూసెయ్యి. తోటలన్నావుగా, అవి చూసే వెళ్తాం" అన్నారు.

హేమ ఫోన్ బోర్లించి వాళ్ళ నాన్న భుజం మీద తల పెట్టుకుంది. నేను చేతిలో మంకీ క్యాపుతో గుమ్మంలో నిలబడిపోయాను. కళ్ళు చెమర్చాయి. ఉక్కవల్ల కాదు.

మర్నాడు పొద్దున్న ఆయన గదిలోంచి కేక వినబడింది. "ఏమయ్యా! ఉక్కగా ఉంది, తగ్గించు!" పెళ్ళైనప్పటి నుంచీ మామగారి నోట అంత కమ్మటి మాట నేను వినలేదు. తగ్గించి, స్నానం చేసి వచ్చేసరికి ఆయన పెట్టెలో ప్రతి వైరుకీ తన గుండ్రటి చేతిరాతతో చీటీ కట్టారు. మూత మీద తెల్లకాగితం అంటించి అడ్డంగా సంతకం చేశారు. అది చింపిన వాడిమీద కేసు రాస్తారట.

ఆ సంతకం మీద చెయ్యి పెట్టి, ఇంటిల్లిపాదీ చూస్తుండగా నేను ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరి చేతిరాత ఉన్న చీటీనీ పీకను. బొటనవేలు అడ్డం పెట్టి ఫోటో తియ్యను. లైటు వెలిగిందని సంబరపడను. అన్నిటికన్నా ముఖ్యంగా, మొహమాటానికి ఎవరైనా ‘బాగుంది’ అంటే నమ్మను, నేను కూడా ఆ మాట ఒట్టినే అనను. హేమ చప్పట్లు కొట్టింది. మామగారు గంభీరంగా తలాడించారు.

అదే ఊపులో అందరం టిఫిన్‌కి కూర్చున్నాం. గిన్నెలో మిగిలి, నా గదిలోనే ఇంకో రెండు రోజులు అదనంగా పులిసిన ఆ పిండితోనే అత్తగారు దోసెలు పోశారు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. దవడలు రెండూ లోపలికి లాక్కుపోయాయి. ఒక కన్ను దానంతటదే మూతపడింది.

"ఎట్టా ఉన్నాయి బాబూ?" అడిగారు అత్తగారు, అట్లకాడ పట్టుకుని ఆశగా.

"చాలా బాగున్నాయి అత్తయ్యగారూ."

మామగారు ప్లేటు పక్కకి జరిపి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"మళ్ళీ మీటరు దిద్దావ్" అన్నారు.